పడడం నేర్పిన డ్రిల్లు మాస్టారు

మాస్టారి ఉద్యోగం పడడం. నవ్వకండి, మొదట్లో నేనూ నవ్వాను. ఉదయం పదింటికల్లా వచ్చేవారు. టిఫిన్ డబ్బా కిటికీ గట్టు మీద పెట్టి, చెప్పులు గోడ పక్కన జతగా సర్ది, ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కంపెనీ వాళ్ళిచ్చిన నల్ల బనీను తొడుక్కుని, నీలం పరుపు మీదకి వెళ్ళి పడేవారు. నడుస్తూ నడుస్తూ పడేవారు. కుర్చీలోంచి లేవబోయి పడేవారు. అటక మీది డబ్బా అందుకోబోయినట్టు చెయ్యి చాచి పడేవారు. రోజుకి అరవై సార్లు, ఒక్కోరోజు డెబ్భై. గది నాలుగు మూలల నుంచి నాలుగు కెమెరాలు ఆయన్ని చూస్తూ ఉండేవి. అప్పటికి ఆయన వయసు అరవై మూడు.

మా పని పక్కగదిలో. మాస్టారు పడిన ఒక్కో వీడియో మా తెర మీదకి వచ్చేది. దాన్ని ముక్కముక్కకీ ఆపి, ఆయన ఒంటి మీద పదిహేడు చుక్కలు పెట్టాలి. ముక్కుకి ఒకటి, కళ్ళు, చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్ళు, చీలమండలు వీటికి రెండేసి. చుక్కలు కలిపితే పుల్లల మనిషి తయారవుతాడు. ఆ పుల్లల మనిషి ఏం చేస్తున్నాడో పక్కనున్న జాబితాలోంచి ఎంచి నొక్కాలి. నడిచారు, నిలబడ్డారు, వంగారు, కూర్చున్నారు, పడుకున్నారు, చెయ్యి ఊపారు, పడ్డారు. ఇలా లక్షసార్లు చూపిస్తే మనిషి కదలిక కంప్యూటరుకి అర్థమవుతుందట. ఒక్కో వీడియోని ముగ్గురం విడివిడిగా చూస్తాం. ఇద్దరు ఒకటి నొక్కి మూడోవాళ్ళు ఇంకోటి నొక్కితే, ఆ మూడోవాళ్ళ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. మూడేళ్ళలో నాకు పడ్డ ఎర్ర గుర్తులు పదికి మించలేదు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని.

ఇదంతా ఒక తెల్లపెట్టె కోసం. అరచేతిలో ఇమిడే పెట్టె, దానికి ఒక కన్ను. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళలో గోడమూల బిగిస్తారు. మనిషి పడితే అది కనిపెట్టి, "మీరు పడ్డారు. బాగానే ఉంటే చెయ్యి ఊపండి," అంటుంది. అర నిమిషం చూసి, చెయ్యి ఊపకపోతే ముందే ఇచ్చి ఉంచిన నంబరుకి ఫోను చేస్తుంది. దానికి చూపే కానీ వినికిడి లేదు. ఇంట్లో మనుషుల బొమ్మలు బయటికి పంపదు. పుల్లల బొమ్మ మాత్రం పెట్టెలో దాచుకుని, మాటలు మటుకు ఫోనుకి పంపుతుంది. కూర్చున్నారు, నడుస్తున్నారు, అంతే. స్నానం చేసి వచ్చే మనిషిని ఎవరూ చూడకూడదు కదా.

మొదట్లో పడడానికి కాలేజీ కుర్రాళ్ళని పెట్టారు. తెల్ల విగ్గులు పెట్టుకుని, నడుం పట్టుకుని, "అబ్బా" అని అరిచి మరీ పడేవాళ్ళు. నాటకాల పోటీ చూస్తున్నట్టుండేది. మా పైన ఉన్న మేడం, ముప్ఫై ఏళ్ళు నిండని పిల్ల, వేగంగా మాట్లాడుతుంది కానీ మనసు మంచిదే, ఒకరోజు విసిగిపోయి, "నాకు నిజంగా వయసైనవాళ్ళు కావాలి," అంది. రోజుకి డెబ్భై సార్లు పడి, మర్నాడు మళ్ళీ నడిచి రాగల ముసలివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? నాకు ఒక్కరు గుర్తొచ్చారు. మాస్టారిని ఈ పనిలోకి తెచ్చింది నేనే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన మా డ్రిల్లు మాస్టారు. హైజంపు కోసం బడిలో ఇసక గుంట తవ్వించిన వారం, మాలో ఒక్కరినీ ఎగరనివ్వలేదు. వారమంతా పడడమే నేర్పారు. "గడ్డం గుండెకి! భుజం ముందు! చేత్తో నేలని చాచి కొట్టు!" అని అరిచి విజిల్ ఊదేవారు. బడి బడంతా ఇసకలో దొర్లింది. పిల్లల తలల్లో ఇసక దులపలేక మా అమ్మలు ఆయన్ని తిట్టిపోశారు. కానీ ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన చేతి కింద పిల్లల్లో చెయ్యి విరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ లెక్క ఆయనా, ఎర్ర గుర్తుల లెక్క నేను చెప్పినట్టే, అడక్కపోయినా చెప్పేవారు.

తెల్లజుట్టు, కాస్త జారిన చెంపలు, డెబ్భై సార్లు పడినా ఒంటి మీద ఒక్క కమిలిన మచ్చ లేదు. మేడం మురిసిపోయింది. "అచ్చం పెద్దవాళ్ళు పడ్డట్టే ఉంది," అంది. నిజానికి అది పెద్దవాళ్ళు పడ్డట్టు లేదు, డ్రిల్లు మాస్టారు పడ్డట్టు ఉంది. గడ్డం గుండెకి వెళ్ళేది, ఎడమ భుజం తిరిగేది, చెయ్యి చాచుకుని వచ్చి పరుపుని చరిచేది. ఆయన పడుతున్నంతసేపూ ఆయన ఒళ్ళు ఆయన్ని కాపాడుతూనే ఉండేది. ఈ తేడా మా ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. ఆయన దగ్గర వారం రోజులు ఇసకలో దొర్లిన నాకైనా తట్టాలి. తట్టలేదు.

ఇంకో నియమం కూడా ఉండేది. పెట్టెలు కొన్ని ఇళ్ళలో పెట్టి చూసిన మొదటి నెలలో, ఎవరైనా మంచం కింద చెప్పుల కోసం కిందకి కూలబడినా అది "మీరు పడ్డారు" అని గోల చేసేది. ఒక పెద్దాయన విసిగి దాని మీద తువ్వాలు కప్పేశాడట. అప్పుడు మేడం కొత్త నియమం రాసింది: నిలువు నుంచి నేలకి చేరడానికి రెండు సెకన్లకి మించి పట్టి, వీపు దేనికైనా ఆని ఉంటే, అది కూర్చోవడం. నియమం బాగుంది కదా అనుకున్నాను. అప్పటి నుంచి గోడ పట్టుకుని కిందకి దిగిన ప్రతి పుల్లల మనిషికీ కళ్ళు మూసుకుని "కూర్చున్నారు" నొక్కేదాన్ని.

మాస్టారు ఈ పనికి ఒప్పుకున్నది టీచరుగారి కోసం. ఆయన భార్య మా బడిలోనే లెక్కలు చెప్పేది. ఆయన్ని చూసి ఎవరూ భయపడేవాళ్ళం కాదు, ఆవిడ చెప్పుల చప్పుడు వింటే మాత్రం ఎక్కాలు మర్చిపోయేవాళ్ళం. స్టాఫ్ రూములో మొదలైన "మాస్టారూ", "టీచరుగారూ" పిలుపులు పెళ్ళయ్యాక కూడా మారలేదు. పిల్లలు లేరు. బడి నిండా ఉన్నారుగా, అనేది ఆవిడ. నాలుగేళ్ళ కిందట ఆవిడకి వేళ్ళు వణకడం మొదలైంది. తర్వాత ఒళ్ళు బిగుసుకోవడం. నడుస్తూ నడుస్తూ ఉండగా పాదాలు నేలకి అతుక్కుపోయేవి, ఎంత ప్రయత్నించినా అడుగు పడేది కాదు. నయమయ్యేది కాదు, మందులతో నెట్టుకురావాలి అన్నాడు డాక్టరు. "ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పడకుండా చూసుకోండి. ఎముకలు బాగా పలచబడ్డాయి. ఒక్కసారి పడితే ఇక నడక ఉండదు," అని కూడా అన్నాడు.

ఆ రోజు నుంచి మాస్టారి బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఇంట్లో చాపలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేశారు. గుమ్మాల అంచులు చెక్కించేశారు. ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు పన్నెండింటిదాకా ఒకావిడ, మధ్యాహ్నం ఇంకొకావిడ టీచరుగారి దగ్గర ఉండేవారు. మధ్యాహ్నం వచ్చే ఆవిడంటే టీచరుగారికి గిట్టేది కాదు. "టీవీ పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోతుంది మాస్టారూ. ఆవిడ కుర్చీలోంచి పడిపోకుండా నేను కాపలా కాస్తున్నాను," అనేది.

పెట్టె తయారయ్యాక, ఉద్యోగస్థుల ఇళ్ళలో ముందు పెట్టి చూద్దామన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మాస్టారు. మేకులు కొట్టి స్వయంగా బిగించారు. సాయానికి ఎవరి నంబరు ఇవ్వాలని అడిగితే తన నంబరే ఇచ్చారు, ఇంకెవరున్నారు గనక. నేనూ వెళ్ళాను ఆ రోజు. ఆయన పడకగదిలో పరుపు వేసుకుని ఒకసారి పడి చూపించారు. "మీరు పడ్డారు. బాగానే ఉంటే చెయ్యి ఊపండి," అంది పెట్టె. ఆయన పడుకునే చెయ్యి ఊపారు. నోరు మూసుకుంది.

టీచరుగారు మంచం మీంచి దాన్ని ఎగాదిగా చూసింది. "మూడో తరగతి పిల్లాడి బుర్ర. అయితే చెయ్యి ఊపితే అర్థం చేసుకుంటుంది, ఆ మాత్రం చాల్లే," అంది.

"నా శిష్యుడండీ టీచరుగారూ. రెండేళ్ళు పడి పడి నేర్పాను," అన్నారు మాస్టారు. అంత ఆనందంగా ఆయన్ని నేను బళ్ళో కూడా చూడలేదు.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం మనిషిని మాన్పించేశారు. ఫోను కూడా చెయ్యకూడదని భార్యాభర్తలిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. మోగితే ఆవిడ అందుకోడానికి లేస్తుంది, లేస్తే పడుతుంది. ఫోనుకి బదులు ఆయన గంటకోసారి పెట్టె పంపిన మాటలు చూసుకునేవారు. మాకు చదివి వినిపించేవారు కూడా. "రెండున్నర. నడుస్తున్నారు. మందు వేసుకోడానికి వెళ్ళుంటుంది." మేము ఆ మాటలకి అలవాటుపడిపోయాం.

అయిదు వారాలు బాగానే గడిచింది. ఆ రోజు మంగళవారం. ఒంటిగంటకి అందరం డబ్బాలు విప్పాం. మాస్టారు ఫోను తీసి చూసి నవ్వారు.

"పన్నెండూ పది నుంచి కూర్చునే ఉంది. ఇవాళ బుద్ధిగా ఉంది మా టీచరు. ఎప్పుడూ కాలు నిలవదు కదా," అన్నారు.

"లెక్కల పుస్తకం ఏదో దొరికుంటుంది," అన్నాను.

అంతలో ఆ మాట కింద ఇంకో మాట వచ్చింది. చెయ్యి ఊపారు. మాస్టారు నా వైపు తిప్పి చూపించారు. "చూడమ్మా, నాకు టాటా చెబుతోంది!" అని ఫోనుకేసి తిరిగి తనూ చెయ్యి ఊపారు. పక్క సీటావిడా ఊపింది. నేనూ ఊపాను. ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఊపాను. అందరం పడీపడీ నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నం చాలాసార్లు వచ్చింది ఆ మాట. చెయ్యి ఊపారు. చెయ్యి ఊపారు. "ఇవాళ చాలా ప్రేమగా ఉందే," అని ఆయన సిగ్గుపడ్డారు. నాలుగున్నరకి ఆయన వెళ్ళాల్సిన వేళ. ఆ వారం పని ఇంకో పది వీడియోలు తక్కువ పడింది. నేనే ఆపాను. "టీచరుగారు హాయిగా కూర్చునే ఉన్నారు కదా మాస్టారూ, ఆ పదీ పడేసి వెళ్ళండి," అన్నాను. ఆయన మళ్ళీ బనీను తొడుక్కుని పదిసార్లు పడ్డారు. ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆలస్యం చేయించింది నేను కాబట్టి నా స్కూటరు మీద దింపాను. తాళం తీస్తూనే, "టీచరుగారూ, వచ్చేశా," అన్నారు. పడకగదిలోకి వెళ్ళాం.

బీరువాకీ మంచానికీ మధ్య, గోడకి వీపు ఆనించి, టీచరుగారు నేల మీద ఉంది. ఒక కాలు చాచి ఉంది. రెండోది ఏ కాలూ తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. మొహం పెట్టె ఉన్న మూలకి తిప్పి ఉంది. పెదవులు ఎండిపోయి తెల్లగా అయిపోయాయి. ఎదురుగోడ మీద గడియారం అయిదూ ముప్ఫై అయిదు చూపిస్తోంది.

"అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు మాస్టారూ," అంది. గొంతు రాలేదు, గాలి వచ్చింది.

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"అరిచాను. దానికి వినపడదని తర్వాత గుర్తొచ్చింది. ఊపాను. ఊపితే అర్థం చేసుకుంటుందనుకున్నాను. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను," అంది.

ఆయన జేబులో ఫోను చిన్నగా మోగింది. నేనే తీసి చూశాను. ముగ్గురు మనుషులు. ఇద్దరు కూర్చున్నారు, ఒకరు నిలబడ్డారు.

నాకు ఆ పెట్టెని పీకి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆంబులెన్సుకి ఫోను చేసి, వీధి చివర నిలబడి చెయ్యి ఊపి పిలిచాను. ఆంబులెన్సు డ్రైవరుకి నా చెయ్యి వెంటనే అర్థమైంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. డాక్టరు ముందే చెప్పినట్టు నడక పోయింది.

మర్నాడు ఆఫీసులో ఆ పుల్లల బొమ్మ తెప్పించుకుని చూశాను. మొత్తం మూడున్నర సెకన్లు. బీరువా దగ్గర పాదాల చుక్కలు రెండూ అతుక్కుపోయాయి. పై చుక్కలు వెనక్కి వాలాయి. వీపు గోడకి తగిలింది. మోకాళ్ళ చుక్కలు ఉన్నట్టుండి ఒకదాని మీదకి ఒకటి వచ్చాయి. మణికట్టు చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. బొమ్మ మెల్లిగా గోడ వెంట జారి నేలకి దిగింది. రెండు సెకన్లకి మించింది, వీపు ఆని ఉంది. పెట్టె మా నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అదే బొమ్మ ఎవరిదో తెలియకుండా నా ముందుకి వచ్చి ఉంటే, నేనూ అదే నొక్కేదాన్ని. ఎర్ర గుర్తు కూడా పడేది కాదు.

మాస్టారు పది రోజుల తర్వాత వచ్చారు. గొడవ చేస్తారేమో అని మేడం బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆయన గొడవ చెయ్యలేదు. చేసుంటే బాగుండేది.

"మా టీచరు పడినట్టు పడితే కూడా అది గుర్తుపట్టాలమ్మా. అది నేర్పండి. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదు," అన్నారు.

మేడం కళ్ళు తుడుచుకుంది. "నియమం మారుస్తాను సార్. కానీ నియమం మారిస్తే సరిపోదు. అలా పడిన వీడియోలు కావాలి. ఒక్కటే ఉంది మన దగ్గర. తక్కువలో తక్కువ రెండువేలు కావాలి."

"రెండువేలా?"

"లోపల మీవే ముప్ఫై ఎనిమిది వేలు ఉన్నాయి సార్. పడడమంటే దానికి మీరే. ఈ ఒక్కటీ అందులో ఆనదు."

"అంటే మా ఆవిడ ఇంకో పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు పడాలా అమ్మా?" అని అడిగారు మాస్టారు. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగారు. నేను కిటికీ గట్టు మీద ఆయన డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఆ రెండువేలూ నేను పడతాను," అన్నారు మాస్టారు.

పరుపుని గోడ దగ్గరికి జరిపించారు. గోడకి వీపు ఆనించి నిలబడి, టీచరుగారిలా జారబోయారు. జారే లోపల ఎడమచెయ్యి విసురుగా వచ్చి పరుపుని చరిచింది. మళ్ళీ నిలబడ్డారు. మళ్ళీ చెయ్యి వచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టమన్నారు, నేనే కండువాతో కట్టాను. భుజం తిరిగింది. ఈసారి గడ్డం గుండెకి వెళ్ళింది. మూడు రోజులు అలా నూట తొంభై సార్లు ప్రయత్నించారు. ముగ్గురం విడివిడిగా చూశాం. ముగ్గురం చెప్పింది ఒకటే: అన్నీ ఆయన పాత పడడాల్లాగే ఉన్నాయి, టీచరుగారు పడ్డట్టు ఒక్కటీ లేదు. నాలుగో రోజు మేడం దగ్గరికొచ్చి, "సార్, మీరు ఇంటి దగ్గర ఉండండి కొన్నాళ్ళు," అంది. ఆయన చొక్కా తొడుక్కుని, నల్ల బనీను మడతపెట్టి కుర్చీ మీద ఉంచి వెళ్ళారు.

ఆ నెలలో ఒక ఆదివారం సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళడానికి మొహం చెల్లక అంతకు ముందు రెండు ఆదివారాలు వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చాను. టీచరుగారు వెనక దిండ్లు పెట్టుకుని మంచం మీద ఉంది. బీరువాకీ మంచానికీ మధ్య, సరిగ్గా అక్కడే, గోడవెంట పరుపు వేసి ఉంది. మాస్టారు దాని మీద నిలబడి ఉన్నారు. చెమటలు కక్కుతున్నారు. పెట్టె ఇంకా ఆ మూలే ఉంది.

"రా అమ్మాయీ, సమయానికొచ్చావు. మీ మాస్టారికి ట్యూషను చెబుతున్నాను," అంది ఆవిడ.

"దాన్ని ఇంకా ఉంచారా?" అన్నాను పెట్టెని చూస్తూ.

"అది ఎప్పుడు కూర్చున్నారంటుందో అప్పుడు నాకు వచ్చినట్టు లెక్క. అది పంపే రాతలు తర్వాత ఫోనులో నువ్వు చదువుదువుగాని, కూర్చో," అన్నారు మాస్టారు.

"మోకాళ్ళు వదిలెయ్యండి మాస్టారూ," అంది ఆవిడ.

"వదిలాను."

"వదల్లేదు. ఎప్పుడు వదలాలో మీరు చూసుకుని వదులుతున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. మళ్ళీ."

ఆయన గోడకి ఆనుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మోకాళ్ళు వంగాయి, అంతే, చెయ్యి వచ్చి పరుపుని టప్పున చరిచింది.

"మీరు పడ్డారు. బాగానే ఉంటే చెయ్యి ఊపండి," అంది పెట్టె. ఆయన ఊపారు.

"పద్నాలుగు," అంది టీచరుగారు. పరీక్ష హాల్లో లాగా లెక్కపెడుతోంది. "రెండువేలు కావాలన్నారటగా. రోజుకి ఒకటి కుదిరినా అయిదున్నరేళ్ళు. అప్పటికి నేనుంటానా, ఆ పెట్టె ఉంటుందా? అయినా ఒక్కటైనా కుదరాలి కదా ముందు."

"ఒళ్ళు మాట వినడం లేదు టీచరుగారూ. ముప్ఫై ఒక్కేళ్ళు నేర్పాను దీనికి. ఇప్పుడు మర్చిపోమంటే మర్చిపోదు," అన్నారాయన.

ఊరికే చూస్తూ కూర్చోలేకపోయాను. "నేను ప్రయత్నిస్తాను జరగండి," అని లేచాను. నాకేం, నేనేమీ డ్రిల్లు మాస్టార్ని కాను కదా. గోడకి వీపు ఆనించాను. ఆ మూడున్నర సెకన్లూ నాకు కంఠతా వచ్చు, ఏ చుక్క ఎప్పుడు ఎక్కడికి వెళ్ళాలో అన్నీ తెలుసు. మోకాళ్ళు వదిలాను. వదిలీ వదలగానే నా గడ్డం గుండెకి వెళ్ళిపోయింది. భుజం తిరిగింది. చెయ్యి చాచుకుని వెళ్ళి పరుపుని కొట్టింది. ఎనిమిదో తరగతిలో ఇసకలో కొట్టినట్టే కొట్టింది.

"మీరు పడ్డారు," అంది పెట్టె. నేను చెయ్యి ఊపాను.

టీచరుగారు ముందు నవ్వింది. తర్వాత నేను. ఆఖరికి మాస్టారు కూడా నవ్వారు, నవ్వుతూనే గోడ పట్టుకుని మొహం అటు తిప్పుకున్నారు. "బాగా నేర్పారు మాస్టారూ. ఇంత బాగా నేర్పకుండా ఉండాల్సింది," అంది ఆవిడ. తిట్టు కాదు అది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చెయ్యి ఆయన వైపు వణుకుతూ చాచి ఉంది.

ఆయన వచ్చి ఇంకోసారి నిలబడ్డారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆవిడనే చూస్తూ మోకాళ్ళు వదిలారు. చెయ్యి వచ్చింది. చప్పుడైంది.

"మీరు పడ్డారు. బాగానే ఉంటే చెయ్యి ఊపండి."

ఆయన ఊపలేదు. పడ్డ చోటే, పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని ఉండిపోయారు. దెబ్బ తగిలిందేమో అని లేవబోయాను. టీచరుగారు వద్దని సైగ చేసింది. గడియారం చప్పుడు వినపడుతోంది. అర నిమిషం అంత పొడుగ్గా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆయన చొక్కాజేబులో ఫోను మోగడం మొదలైంది. సాయానికి ఇచ్చిన నంబరు ఆయనదే కదా.

"ఎత్తండి మాస్టారూ. ఎవరో పడ్డారట," అంది టీచరుగారు.

ఆయన ఎత్తలేదు. జేబులో వెలుగుతూ, ఆరుతూ అది మోగుతూనే ఉంది. నేను ఆ గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇంకెవరికి ఫోను చెయ్యాలో నాకూ తెలియలేదు.